అన్నిటికీ ‘నీట్‌గా’ అనకుండా రాయడం ఎలా?

సంక్రాంతికి ముందు మా అన్నయ్య కూతురు రెండు పేజీలు రాసి తెచ్చి నా చేతిలో పెట్టింది. కోనసీమలో ఉన్న మా పాత మండువా లోగిలిని హోమ్‌స్టేగా మారుస్తోంది. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇల్లు కళ్లకు కట్టాలని ఆ రెండు పేజీలూ రాసుకుంది. “ఒకసారి తప్పులు దిద్ది పెట్టు బాబాయ్” అంది.

తప్పులేం లేవు. కానీ ‘నీట్‌గా’ తొమ్మిదిసార్లు, ‘చక్కగా’ ఏడుసార్లు ఉన్నాయి. వంటిల్లు నీట్‌గా ఉంది, పెరడు నీట్‌గా ఉంది, కొబ్బరిచెట్లు నీట్‌గా ఉన్నాయి. ఆఖరికి మా వదిన కూడా నీట్‌గానే ఉంది.

ఆ మాట మీద నాకు కోపం లేదండి. రోజూ నేనూ అంటాను. ఎదురుగా ఉన్న వస్తువును చూస్తూ అంటే సరిపోతుంది. చూడని మనిషికి రాసేటప్పుడే చిక్కు. ‘నీట్‌గా ఉంది’ అంటే మీకు నచ్చిందని తెలుస్తుంది, అక్కడ ఏముందో తెలియదు.

ఇంగ్లిషులో ‘ఆర్డర్‌లీ’ అని ఒక్క మాట ఉంది. దానికి తెలుగేమిటని వెతికితే నిఘంటువు ‘క్రమబద్ధమైన’ అని చేతిలో పెడుతుంది, మనం దాన్ని తెచ్చి వంటింట్లో వాడేస్తాం. అక్కడే చెడుతుంది. సర్దుగా, తీరుగా ఉన్నవాటికి తెలుగులో ఒకటి కాదు, పాతిక మాటలున్నాయి. వాటిలో చాలావాటి వెనక ఒక పని కనిపిస్తుంది. నాట్లు వేసే పని, కుండ దించే పని, వడ్డించే పని. ఆ పని గుర్తుకొస్తే ఏ మాట ఎక్కడ పనికొస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజు మేమిద్దరం కాగితం పట్టుకుని ఇల్లూ వాకిలీ పొలం గట్టూ తిరిగాం. అదే దారిలో మీరూ రండి.

మొదట కొట్టేయండి

మీరు రాసినదాంట్లో ‘నీట్‌గా’, ‘చక్కగా’, ‘పర్ఫెక్ట్‌గా’ అన్నవి ఎక్కడున్నా పెన్సిలుతో కొట్టేయండి. కొట్టేసిన ప్రతిచోటా పక్కన చిన్న అక్షరాలతో, చూడగానే కంటికి ఏం కనిపించిందో రాయండి. అందంగా రాయక్కర్లేదు. వచ్చిన మాటల్లో రాయండి.

మా అమ్మాయి కొబ్బరిచెట్ల దగ్గర ‘లైన్‌లో ఉన్నాయి, మధ్యలో ఖాళీ ఒకేలా ఉంది’ అని రాసింది. అటక దగ్గర ‘ఇత్తడి గిన్నెలు ఒకదాని మీద ఒకటి’. వంటింటి దగ్గర ‘అమ్మకి చీకట్లో కూడా జీలకర్ర డబ్బా దొరుకుతుంది’.

మూడూ మూడు రకాలు. మొదటిది గీత, రెండోది ఎత్తు, మూడోది చోటు. ఒకే మాటతో మూడింటినీ కప్పేశామన్నమాట. పక్కన రాసుకున్న ఈ ముక్కలే ఇక మనకు సరుకు.

గీతలా కనిపిస్తే

వరుస, బారు, బంతి, సాలు. ఈ నాలుగూ గీత చుట్టూ తిరిగేవే, కానీ ఒకదాని చోట ఒకటి పెట్టలేం.

వరుస అందరికీ తెలిసిందే. కుర్చీలు, చెట్లు, పళ్లు, చుక్కలు. అన్నిటికీ సరిపోయే మాట కాబట్టి దాన్ని ఒంటరిగా వదలకుండా పక్కన ‘ఎడం’ అనే మాటను తోడు పెట్టండి. నన్నడిగితే చూపుకు తీరుగా అనిపించేది వస్తువుల వల్ల కాదు, వాటి మధ్య ఉన్న ఎడం వల్ల. కొబ్బరి మొక్కకూ మొక్కకూ మధ్య ఇంచుమించు 8 మీటర్ల ఎడం ఇచ్చి నాటితే ఎకరానికి అరవై పైచిలుకు పడతాయి. అలా నాటిన తోటలో నిలువుగా చూసినా వరుసే, అడ్డంగా చూసినా వరుసే, ఐమూలగా చూసినా వరుసే. ‘కొబ్బరిచెట్లు నీట్‌గా ఉన్నాయి’ అన్న వాక్యాన్ని ‘ఏ మూలనుంచి చూసినా వరుసే’ అని మార్చుకుంది మా అమ్మాయి. నేను దిద్దలేదు, తనే రాసింది.

వరుసతో ఒక జాగ్రత్త. మన దగ్గర వరుస అంటే చుట్టరికం కూడా. “ఆయన మీకేం వరుస?” అని అడిగితే ఎన్నో కుర్చీలో కూర్చున్నాడని కాదు. పెళ్లి కబుర్లు రాస్తూ ‘అతిథులను వరుస చూసి కూర్చోబెట్టారు’ అంటే మేనమామ ముందా పెదనాన్న ముందా అన్న లెక్క వస్తుంది. ‘వరుసగా కూర్చోబెట్టారు’ అంటే ఆ గొడవ లేదు.

బారు అంటే పొడుగు. మొదలు కనిపిస్తే చివర కనిపించనిది, లేదా కదులుతూ ఉండేది. కొంగలు బారుగా ఎగురుతాయి. జనం బారులు తీరతారు. లంక ఊళ్లో రేవు దగ్గర పడవ కోసం నిలబడినవాళ్లను ‘వరుసగా ఉన్నారు’ అనడం కంటే ‘బారు తీరారు’ అంటే ఎండా, ఓపికా కూడా కనిపిస్తాయి. నాలుగు కుర్చీలకు మాత్రం బారు అనకండి, నవ్వుతారు.

బంతి భోజనాలది. పంక్తి అన్న సంస్కృతం మాటే మన నోట నానినాని బంతి అయింది. ‘మొదటి బంతి లేచింది, రెండో బంతికి ఆకులు వేయండి’ అన్న కేక వినకుండా మన వైపు పెళ్లి జరగదు. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు’ అన్న సామెతలో బంతి కూడా ఇదే, ఆడుకునేది కాదు. బఫేలు వచ్చాక ఈ మాట పలచబడిపోతోంది. హోమ్‌స్టేలో అరిటాకు భోజనం పెట్టదలచుకుంటే ‘బంతి భోజనం’ అని రాసుకోండి, ‘లైన్‌గా కూర్చోబెట్టి వడ్డిస్తాం’ అని కాదు.

సాలు నాగలిది. దున్నినప్పుడు నేల మీద పడే గీత. విత్తనం వేసే మెట్ట పంటలకు బాగా నప్పుతుంది. నారు ఊడ్చిన, అంటే నాటిన వరిచేలకు ‘వరుస నాట్లు’ అనే అనాలి.

వరిచేల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పొలంగట్టు మీద నిలబడి చూస్తే ఆకుపచ్చటి చేలో అక్కడక్కడ సన్నటి ఖాళీ దారులు కనిపిస్తాయి. ‘పొలం మధ్యలో నీట్‌గా గ్యాప్‌లు’ అని రాసింది మా అమ్మాయి. వాటిని కాలిబాటలు అంటారు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున, తూర్పు పడమరలుగా తీయమని వ్యవసాయశాఖ వాళ్లు చెబుతారు. గాలీ వెలుతురూ మొదళ్ల దాకా దిగితే పైరును పీల్చే దోమ ఉద్ధృతి తగ్గుతుంది, మందు కొట్టే మనిషికి నడవడానికీ వీలు. దేనికైనా సొంత పేరు ఉన్నప్పుడు దాన్ని వర్ణించే శ్రమ అనవసరం. పేరు చెప్పేయడమే.

ఒకదాని మీద ఒకటి ఉంటే

మా అటక మీద మామ్మ కాలం నాటి ఇత్తడి గిన్నెలు పెద్దది అడుగున, దాని మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది, పైన ఉగ్గుగిన్నె. దీనికి మాట ‘దొంతి’. కుండలవాళ్ల దగ్గర మొదలై ఇంట్లోకి వచ్చిన మాట. దొంతి అనగానే తీసేటప్పుడు పైనుంచే తీయాలని కూడా తెలిసిపోతుంది. నిలువుగా, జాగ్రత్తగా, కాస్త కదిలిస్తే పడేట్టుగా.

దొంతర దాని చుట్టమే, కానీ పలచటివాటికి. మబ్బుల దొంతరలు, మడత పెట్టిన చీరల దొంతర. పూతరేకులకు పేరున్న ఆత్రేయపురం వెళ్తే బోర్లించిన కుండ మీద పలచటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డను ఒక్కసారి అలా పరిచి లాగేస్తారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు తయారు. ఆ రేకుల్ని ఒకదాని మీద ఒకటి వేసి ఉంచితే దొంతర. నెయ్యి, పంచదార పొడి వేసి చుట్టాక మాత్రం దొంతర అనరు, అప్పుడది మడత. కొరికినప్పుడు తగిలేవి పొరలు. ఒకే పూతరేకుకు మూడు మాటలు పట్టాయి, ఏ దశలో చూస్తున్నామన్నదాన్ని బట్టి. ఉల్లిపాయకు పొరలే తప్ప దొంతరలుండవని గుర్తుంటే మీరిక పొరబడరు.

పేర్పు ఇటుకలకు, పిడకలకు, కట్టెలకు. చేత్తో ఒక్కొక్కటీ పెడితే తప్ప రానిది పేర్పు. రాశి అంటే పోసింది. అంబాజీపేట వైపు కొబ్బరికాయలు రాశులుగా పోసి ఉంటాయి. అందులో తీరు లేదు, అయినా చూడముచ్చటగానే ఉంటుంది.

కుప్ప ఒక తమాషా మాట. ‘బట్టలన్నీ కుప్పగా పడేశాడు’ అంటే తిట్టు. అదే వరి కుప్ప అంటే ఎంతో ఒడుపున్న పని. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, వాన పడినా నీళ్లు లోపలికి దిగకుండా జారిపోయేట్టు వేయాలి. అది అందరికీ చేతకాదు. కుప్ప వేయడం వచ్చిన మనిషికి ఊళ్లో వేరే మర్యాద ఉండేది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక కుప్పలూ తగ్గాయి, ఆ మర్యాదా తగ్గింది. గడ్డిమేటు మాత్రం ఇంకా అక్కడక్కడ కనిపిస్తుంది. మీ వర్ణనలో ‘గడ్డి నీట్‌గా పెట్టి ఉంది’ అని ఉంటే గడ్డిమేటు అని ఒక్క ముక్క రాయండి చాలు. మేటు అన్నాక తీరుగా ఉందని వేరే చెప్పక్కర్లేదు, తీరుగా లేకపోతే అది నిలబడదు.

చోటు దొరికినట్టుంటే: కుదురు

నాకు ఈ మాట మీద కాస్త పక్షపాతం ఉంది, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

గుండ్రటి అడుగున్న కుండ నేల మీద నిలబడదు, దొర్లుతుంది. అందుకని కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన చక్రం పెడతారు. దాన్ని చుట్టకుదురు అంటారు. దాని మీద పెట్టాక కుండ కదలదు. కుదురు అంటే అది.

చేలోకి రండి. దమ్ము చేసిన, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నిన చేలో ఆకు (వరి నారు) ఊడ్చేటప్పుడు రెండు మూడు మొక్కల్ని కలిపి ఒకచోట గుచ్చుతారు. ఆ ఒక్క గుచ్చునూ కుదురు అంటారు. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల ఎడంలో ఊడిస్తే చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడతాయి. దాళ్వాలో, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటలో, ఇంకా దగ్గరగా 15కి 15 వేస్తే 44. కుదురు నేల పట్టుకుంటే పైరు నిలబడినట్టు. జుట్టుకు కుదుళ్లు అన్నా అదే, వేరు పట్టుకున్న చోటు.

ఇక్కణ్ణుంచి ఆ మాట ఎంత దూరం వెళ్లిందో చూడండి. పిల్లాడు కుదురుగా కూర్చుంటాడు. సంబంధం కుదురుతుంది. బేరం కుదురుతుంది. జ్వరం తగ్గి ఒళ్లు కుదుటపడుతుంది. ‘ఇవాళ కుదరదండి’ అని మనం రోజూ అనే మాటలో కూడా ఆ కుండే ఉంది, దొర్లిపోకుండా ఆగే చోటు దొరకలేదని.

కాబట్టి కుదురును ఎక్కడ వాడాలంటే, దేనికి దాని చోటు దొరికి, ఇక కదలనవసరం లేనట్టున్నప్పుడు. మా వదిన వంటిల్లు వరుసగా ఉండదు. డబ్బాలన్నీ ఒకే ఎత్తువి కావు, ఒకే రంగువి కావు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ డబ్బాలో ఆవాలు. ఫొటో తీస్తే బాగుండదు. కానీ ఏ డబ్బా చోటు దానిది, ముప్పై ఏళ్లుగా మారలేదు. కరెంటు పోయినా చెయ్యి సరిగ్గా జీలకర్ర మీదికే పోతుంది. దీన్ని ‘నీట్’ అంటే అబద్ధం అవుతుంది, ‘వరుస’ అన్నా అబద్ధమే. కుదురైన వంటిల్లు అంటే నిజం.

ఒకదానిలో ఒకటి ఒదిగితే

పొందిక, అమరిక, ఇమడడం, వాటం.

పొందిక అంటే రకరకాల వస్తువులు పక్కపక్కన ఉండి కూడా కొట్టుకోకపోవడం. చిన్న ఇంటికి బాగా నప్పే మాట. పెద్ద బంగళాను పొందికగా ఉందని ఎవరూ అనరు, అది ‘దర్జాగా’ ఉంటుంది. రెండు గదులూ వసారా ఉన్న పెంకుటిల్లు పొందికగా ఉంటుంది. మాటలకూ చెల్లుతుంది, ‘పొందికగా మాట్లాడాడు’ అంటే ఎక్కువా కాదు తక్కువా కాదు.

అమరిక అంటే తగినదానికి తగినది దొరకడం. గుమ్మానికి తలుపు అమరాలి, మెడకు గొలుసు అమరాలి. ‘ఆ చీర నీకు బాగా అమరింది’ అంటారు, పొందింది అనరు.

తక్కువ చోటులో ఎక్కువ పట్టిస్తే ఇమిడింది, ఒదిగింది అనండి. లాంచీలో సామానూ మనుషులూ సైకిళ్లూ ఎలా ఇముడుతాయో చూసినవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు.

వాటం అంటే చేతికి అందుబాటుగా, పనికి అనువుగా. ‘నూతి పక్కనే అంట్లు తోముకునే గట్టు వాటంగా ఉంది.’ మంచి మాట, కానీ దాని ముందు ‘చేతి’ చేర్చకండి. ‘మా వంటమనిషికి చేతివాటం ఉంది’ అని పొగడబోయి రాస్తే, గిన్నెలు లెక్కపెట్టుకోమని అతిథులకు చెప్పినట్టే.

ఎవరు చేశారో క్రియలో పెట్టండి

ఇది తెలిస్తే సగం పని అయినట్టే. తెలుగులో తీరును చెప్పడానికి విశేషణాల కంటే క్రియలు బలంగా ఉంటాయి. ‘సామాన్లు నీట్‌గా ఉన్నాయి’ అనే బదులు ఆ సామాన్లను ఎవరో ఏదో చేశారు కదా, అది చెప్పండి. సర్దారా, పేర్చారా, అమర్చారా, తీర్చారా, పొందుపరిచారా?

సర్దడం చెదిరినదాన్ని చక్కబెట్టడం. ముందు చిందరవందర ఉంటేనే సర్దడం ఉంటుంది. అందుకే మనుషుల మధ్య కూడా ఇదే పని చేస్తుంది. సర్దుకుపోతాం, సర్దిచెబుతాం. నెలాఖరున “ఓ రెండు వేలు సర్దుతావా?” అని అడుగుతాం.

తీర్చడం వేరు. అది లేనిదాన్ని ఒక రూపానికి తేవడం. ముగ్గు తీరుస్తారు, బొట్టు తీరుస్తారు, కాటుక తీరుస్తారు. సంక్రాంతికి బొమ్మల కొలువు తీరుతుంది. మూడో ఐదో ఏడో బేసి లెక్కన మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి బొమ్మల్ని కూర్చోబెడతారు. కూర్చోబెట్టేటప్పుడు అది అమర్చడం. అంతా అయ్యాక దూరంగా నిలబడి చూస్తే అప్పుడు ‘కొలువు తీరింది’. రాజు సభలో కూర్చున్నప్పుడు వాడే మాటనే బొమ్మలకు వాడతాం. ‘బొమ్మలు నీట్‌గా పెట్టారు’ అన్నదానికీ దీనికీ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తోంది.

ముగ్గుల్లో ఆడవాళ్ల లెక్క మరీ కచ్చితం. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అంటే చాలు, బొమ్మ లేకుండానే అవతలావిడ గచ్చు మీద వేసేస్తుంది. మధ్య వరుసలో 15, రెండు వైపులా ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ ఖాళీల్లో పెట్టుకుంటూ పోయి 8 దగ్గర ఆపడం. పద్ధతి ప్రకారం అంటే ఏమిటో చెప్పమంటే నేను ఈ ఒక్క లైనే చూపిస్తాను.

వ్యాకరణంలో ఒక చిన్న సంగతి. ‘కుర్చీలు అమర్చబడి ఉన్నాయి’, ‘పుస్తకాలు పేర్చబడినవి’ అని రాయకండి. ‘అమర్చి ఉన్నాయి’, ‘పేర్చి ఉన్నాయి’ అంటే సరిపోతుంది. ఆ ‘బడు’ ఎక్కడ కనిపించినా పెన్సిలుతో కొట్టేయండి, వాక్యం తేలికపడుతుంది.

పెద్ద మాటలు ఎక్కడ వాడాలి

క్రమం, క్రమబద్ధం, వ్యవస్థ, పద్ధతి. వీటికి చోటు లేదని కాదు. క్రమం అంటే సంస్కృతంలో అడుగు వేయడం. అందుకే ముందూ వెనకా ఉన్నచోట, ఒకదాని తర్వాత ఒకటి జరిగేచోట అది సరిగ్గా అతుకుతుంది.

మన గోదావరి డెల్టా కాలువలే చూడండి. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు. అక్కణ్ణుంచి నీళ్లు ప్రధాన కాలువలోకి, దాన్నుంచి బ్రాంచి కాలువలోకి, దాన్నుంచి పంట కాలువలోకి, చివరకి బోదెలోకి దిగి చేలో పడతాయి. చేలో మిగిలింది మురుగు కాలువలోకి పోయి సముద్రం చేరుతుంది. ఇది క్రమం. ఇక్కడ వరుస అంటే చాలదు, ఎందుకంటే కాలువలు పక్కపక్కన వరుసగా లేవు, నీళ్లు ఒకదాని తర్వాత ఒకదాంట్లోకి వెళ్తున్నాయి. దాళ్వాలో నీళ్లు తక్కువైనప్పుడు వంతులవారీగా వదులుతారు. ‘వంతు’ కూడా తీరును చెప్పే మాటే, కాకపోతే అది వస్తువులది కాదు, కాలానిది. హోమ్‌స్టేలో ఒకటే బాత్రూమ్ ఉంటే పనికొస్తుంది.

ఇల్లు వర్ణిస్తూ ‘క్రమబద్ధీకరించిన పడకగది’ అని రాస్తే అనుమతి లేని లేఅవుట్‌కు డబ్బు కట్టి సరిచేసుకున్నట్టుంటుంది. ‘వ్యవస్థీకృతమైన వంటిల్లు’ అని ఒకచోట చదివాను. మనకు ఆ మాట పేపర్లో కనిపించేది నేరాల పక్కన. ఆ వంటింట్లో ఏం జరుగుతోందోనని భయం వేసింది.

మనుషుల గురించి రాసేటప్పుడు

ఇక్కడ తొందరపడకండి. ‘మా అమ్మ నీట్‌గా ఉంటుంది’ అంటే బట్టల గురించే అనుకుంటారు. పనితీరు చెప్పాలంటే ‘ఒబ్బిడి’ ఉంది. ఉన్నదాన్ని పారేయకుండా, పాడుచేయకుండా, ఎంత కావాలో అంతే తీసి వాడుకునే తీరు. కొందరు దాన్ని పొదుపు అనుకుంటారు, కొందరు పిసినారితనం అనుకుంటారు. నేనైతే పొగడ్త కిందే జమ వేస్తాను.

‘ఒద్దిక’ అణకువకు దగ్గరగా ఉంటుంది. పిల్లలు ఒద్దికగా కూర్చున్నారంటే బాగుంటుంది, పెద్దమనిషికి వాడితే చిన్నబుచ్చినట్టుంటుంది. ‘పద్ధతిగా ఉంటుంది’ అన్నది మాత్రం ఆడపిల్లల గురించి నేను రాయను. దాని వెనక ఎవరిదో తీర్పు ఉంటుంది, అది వర్ణన కాదు. ‘పద్ధతైన మనిషి’ అని మాట మీద నిలబడేవాణ్ణి అనడం వేరు, అది బాగానే ఉంటుంది.

అనుమానం వస్తే ఎదురుమాట వేసి చూడండి

రాసిన మాట సరైందో కాదో తేల్చుకోవడానికి నేను వాడే ఉపాయం ఇది. ఆ వస్తువు చెడిపోతే ఏమంటారు? దాన్నిబట్టి వెనక్కి రండి.

పుస్తకాలు గదంతా పడి ఉంటే చిందరవందర. కాబట్టి బాగున్నప్పుడు ‘సర్దినట్టు’. పప్పులూ ఉప్పులూ కలిసిపోతే కలగాపులగం, దానికి విరుగుడు వరుస కాదు, ‘వేటికవి విడిగా’. బళ్లు ఎటు పడితే అటు నిలబెడితే అడ్డదిడ్డం, బాగుంటే ‘తిన్నగా’. నేల ఎగుడుదిగుడుగా ఉంటే దాని బాగు ‘చదును’. రోజువారీ పని చెడితే అస్తవ్యస్తం, దానికి మాత్రం ‘క్రమం’. ఇక కంగాళీ అంటే ఇవన్నీ ఒకేసారి జరగడం. పెళ్లయిన మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో అలా.

పోలిక ఒక్కటి చాలు

గీత గీసినట్టు, అచ్చు గుద్దినట్టు, తూచినట్టు, పాపిడి తీసినట్టు, ముత్యాల్లా. నోటికి వచ్చే పోలికలివి, అన్నీ మంచివే, పేరాకు ఒకటి మించకూడదు. వేటికి ఏదో కూడా చూసుకోండి. తిన్నగా ఉంటే గీత గీసినట్టు. ఒకేలా ఉంటే అచ్చు గుద్దినట్టు. కొలతకు సరిపోతే తూచినట్టు. రెండు వైపులా పచ్చటి చేలు, మధ్యలో కాలువ ఉంటే పాపిడి తీసినట్టు. ముత్యాలు చేతిరాతకు వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక గట్టిగా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు వినిపించండి. ఎక్కడ వాళ్లు “అంటే?” అంటారో అక్కడ మాట తప్పింది.

మా అమ్మాయి కాగితంలో మొదటి పేరా ముందు ఇలా ఉండేది: ‘మా ఇల్లు చాలా నీట్‌గా ఉంటుంది. వంటిల్లు నీట్‌గా, చక్కగా అమర్చబడి ఉంటుంది. పాత ఇత్తడి సామాను చక్కగా పెట్టబడి ఉంది. పెరట్లో కొబ్బరిచెట్లు నీట్‌గా ఉంటాయి.’

తర్వాత ఇలా అయింది: ‘వీధి గుమ్మంలో నిలబడితే మండువా మీదుగా పెరటి తలుపు దాకా చూపు తిన్నగా వెళ్తుంది. అటక మీద మామ్మ ఇత్తడి గిన్నెలు దొంతిగా ఉంటాయి, పైన ఉగ్గుగిన్నె. అమ్మ వంటింట్లో ఏ డబ్బా చోటు దానిది, కరెంటు పోయినా జీలకర్ర దొరుకుతుంది. పెరట్లోకి వస్తే కొబ్బరిచెట్లు ఏ మూలనుంచి చూసినా వరుసే.’

మా వదినకు చదివి వినిపించాం. అంతా విని, ‘అమ్మ ఒబ్బిడైన మనిషి’ అన్న వాక్యం దగ్గర ఆపింది. “వద్దమ్మాయ్, తీసెయ్. కూర తక్కువ వడ్డిస్తుందనుకుంటారు” అంది. తీసేశాం.

తొమ్మిది ‘నీట్‌’లలో ఎనిమిది పోయాయి. బాత్రూమ్ దగ్గరున్నదాన్ని నేనే కొట్టనివ్వలేదు. సిటీ నుంచి వచ్చేవాళ్లు వెతికేది అక్కడ ఆ మాటే.